రెండు నిమిషాలు

తోనె అంటే మట్టిపొయ్యి.
నిలువెత్తు బానలా నేలలో దిగి ఉంటుంది.
నడుం దాకా అందులోకి వంగి
గోడకి పిండి చరిచి పైకి రావాలి,
కనుబొమలు కాలకముందే.
రోజుకి నాలుగొందల సార్లు.
కుతాయిసిలో మా వీధికి రొట్టె అంటే
నా కుడి భుజమే.

ఆ భుజానికని పంపాడు బేకా,
మా చెల్లెలి కొడుకు, కుస్తీ పడతాడు.
నల్లటి పెట్టెలో తుపాకీ.
తూటా లేదు, చివర రబ్బరు బంతి.
నొక్కితే గుర్రుమంది, ఒళ్ళో పిల్లిలా.
కాగితమూ ఉంది గానీ
చీమ తలకాయలంత అక్షరాలు,
కళ్ళజోడేమో కొట్లో.

మొదట చక్కిలిగింత.
తర్వాత ఎముక దాకా దిగే తీపి.
పళ్ళు టకటకలాడుతుంటే నాలో నేనే నవ్వుకున్నాను.
ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ
టీవీలో సీరియల్ మొదలై ముగిసేదాకా
అదే చోట, అదిమి పట్టి.
దెబ్బకి దెబ్బే మందనుకుని కదా ఇన్నాళ్ళూ బతికింది!

తెల్లారుజామున మూడింటికి
చెయ్యి లేవలేదు.
అద్దంలో భుజం కమిలి, మాగిన ఆలుబుఖారా.
స్వెటర్ తగిలినా ప్రాణం విలవిల.
పాత నొప్పి ఎక్కడో అడుగున ఉంది, పలకడం లేదు;
దాని నెత్తిన కొత్తది
కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

ఫోన్లో బేకా అరిచాడు:
"రెండు నిమిషాలే పెద్దమ్మా!
ఎముక మీద పెట్టకూడదని చెప్పలేదూ?"
చెప్పాడేమో.
రెండు నిమిషాల్లో అయిపోయే పని
ఈ చేతికి ఇంతవరకూ ఎవరిచ్చారు గనక?

కిటికీ దగ్గర చిల్లర లెక్కపెడుతూ గులీకో నవ్వింది:
"పిసికిన పిండిని తడిగుడ్డ కప్పి వదిలెయ్యాలని
ఊరందరికీ నేర్పుతావుగా లామారా."
నవ్వి ఊరుకోలేదు.
నిజంగానే ఒక తడిగుడ్డ తెచ్చి
భుజం మీద పరిచింది,
చల్లగా, పులిసిన వాసనతో.

ఇవాళంతా ఎడం చేతివాటం.
పది రొట్టెలు జారి నిప్పుల్లో పడ్డాయి.
మిగతావి వంకర టింకర,
ఒకటి చెప్పులా, ఒకటి చెవిలా.
ఎవరూ తిరిగివ్వలేదు.
గడియారాలు బాగుచేసే ముసలి జురాబ్
ఆ చెవినే ఏరి తీసుకుని
తన చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"చిటపటలాడుతోంది, బాగానే ఉంది" అన్నాడు.

తుపాకీ ఛార్జింగులో ఉంది, పచ్చ దీపం.
రాత్రికి ఎడమ భుజం, రెండే రెండు నిమిషాలు.
జురాబ్ దగ్గర ఒక గడియారం అడిగి తెచ్చుకున్నాను.
కాస్త నిదానంగా నడుస్తుందట.
ఏం ఫర్లేదు.