బార లెక్క

మద్రాసు నుంచి కొరియర్లో రెండొచ్చాయి,
చూసుకుని ఒకటి ఉంచుకో, ఒకటి తిప్పి పంపమని.

మొదటిది రంగుల తెర.
దిక్సూచి, పోటూ పాటూ,
చంద్రుడు ఎంత నిండాడో కూడా చూపిస్తుంది.
రెండోది వాడేసింది. నల్లది. గాజు నిండా గీతలు.
రూపాయి బిళ్ళతో తిప్పితే మూతొచ్చే బ్యాటరీ.
అంకెలు మాత్రం బస్సు నుదుటి మీద నంబరంత.

కృష్ణపట్నం నీళ్ళు చూడనివాడు రంగుల తెర కొంటాడు.
జెట్టీ స్తంభం పక్కన పది మీటర్లు దిగితే
నా చెయ్యి నాకే కనపడదు.
అంతా బురద, బొగ్గుపొడి,
ఎప్పుడో తెగిన వల ఒకటి మొహానికి తగిలి పోతుంది.
అక్కడ చంద్రుడితో నాకేం పని?
మణికట్టు మీద ఝుమ్మని వణికేది కావాలి,
గ్లౌజు వేళ్ళకి అందే మీట కావాలి.

నల్లదే ఉంచుకున్నా. పద్దెనిమిది వేలు.
జువ్వలదిన్నె బోట్ల కింద
ఆరు పంకాలకి చుట్టుకున్న వలలు కోసిన కూలి.

ఫోనుకి కలిపితే
లోపల ఎవరివో నూట నలభై రెండు మునకలు.
పేరు లేదు. తేదీ, లోతు, నిమిషాలు, నీటి వేడి.
ఒక ఏప్రిల్లో రోజుకి మూడుసార్లు దిగాడు.
తర్వాత రెండు నెలలు ఏమీ లేదు.
మళ్ళీ ఒకే ఒక్కటి:
మూడు మీటర్లు, నాలుగు నిమిషాలు.
అంతే.

తుడిచెయ్యనా అని అడుగుతుంది.
వేలు ఆడక మస్తానయ్య మామ దగ్గరికి తీసుకెళ్ళా.

మామ కుడిభుజం పైకి లేవదు.
ఇరవయ్యేళ్ళు లాంచీల కింద
కంప్రెసరు పైపు పళ్ళతో కరిచి దిగిన మనిషి.
పైకొచ్చిన సాయంత్రాలు కీళ్ళలో చీమలు పాకితే
వాతమన్నారు, ఆముదం కాచి రాశారు.
గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు
నెత్తుట్లో బుడగలు మామా, అంటే
అంతా విని, గడియారం తిప్పి తిప్పి చూశాడు.
"ఇది ఆగమని చెప్తాదా?"
"చెప్తాది. ఐదు మీటర్ల కాడ, మూడు నిమిషాలు."
"మాకెవురూ చెప్పలా."
కాసేపాగి, "వాడివి ఊరికే తుడవొద్దురా.
ముందు యాడన్నా రాసిపెట్టు."

రాసిపెట్టా. 'ఎవరో' అని పేరిచ్చి పక్కన దాచా.

తర్వాత మామ మునకలూ ఎక్కిద్దామని కూర్చున్నాం.
చేత్తో నింపే గడులున్నాయి ఫోనులో.
ఎంతసేపు?
"పైన రమణారెడ్డి తాడు లాగిందాకా."
నీటి వేడి?
"సంక్రాంతి ముందు పళ్ళు టకటకలాడేయి."
లోతు?
"ఏడు బారలు."
మీటర్లంటుంది. కాదంటే అడుగులంటుంది.
బార లేదు.

బారంటే ఇంతరా, అని మామ లేచి చేతులు చాపాడు.
ఎడమది పూర్తిగా సాగింది.
కుడిది సగం దాకా వచ్చి నిలబడింది.
అత్త కుట్టుమిషను టేపు తెచ్చి పట్టా:
నాలుగడుగుల రెండంగుళాలు.
"అప్పుడు ఇంకా ఉండేదిలే" అన్నాడు.
ఆ గడి ఖాళీగానే వదిలేశాం.

మొన్న మేస్త్రీ నలభై నిమిషాలే కట్టాడు.
ఫోను తీసి ముందర పెట్టా. యాభై రెండు.
తెరని చూశాడు, నన్ను చూశాడు,
జేబులోంచి మిగతాది తీశాడు.

ఆ గీతే రాత్రి మామకి చూపించా.
నిట్టనిలువునా దిగింది, అడుగున అడ్డంగా పాకింది,
పైకొస్తా వస్తా ఒకచోట చిన్న మెట్టు.
"ఇదేనా ఆగింది?"
"ఇదే."
మెట్టు మీద వేలు పెట్టాడు.
తెర ఆరిపోతే
తట్టి మళ్ళీ వెలిగించాడు.