గేటు వేశారా

మ్యాపులో మా కొండ మీద రెండు రకాల గీతలు.
పొట్టి గీతల దారిలో కాళ్ళకే హక్కు.
పొడుగు గీతల దారిలో గుర్రమూ పోవచ్చు, సైకిలూ పోవచ్చు.
కొండకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.
వాన పడితే రెండూ ఒకటే బురద.

మా అన్నయ్య ఇడ్వాల్‌కు మాత్రం తెలుసు.
ఏప్రిల్లో, గొర్రెలు ఈనే వేళ,
తొమ్మిది రాత్రులు నిద్ర లేని కళ్ళతో
గేటు దగ్గర నిలబడతాడు.
వాళ్ళొస్తారు, కాళ్ళకు బలపం కట్టుకున్నవాళ్ళు.
హ్యాండిలుకు గుడారం, సీటు కింద దుప్పటి,
నడుమ ఎక్కడో వేలాడే వంటగిన్నె,
ఇంటిని మూటగట్టి చక్రాలకెక్కించినట్టు.
మా వెల్ష్ భాషలోనే పలకరిస్తారు,
నాలిక మడతపడి, నవ్వుతూ.
అన్నయ్య పలకడు.

నా కొట్లో టీ కాగేలోపు
ఊరు ఊరంతా తీర్పు చెప్పేస్తుంది.
"పిల్లిలా వెనకనుంచి వస్తారు, గంటయినా కొట్టరు,
గుర్రం బెదిరి నన్ను ముళ్ళపొదలో దింపింది"
అంటుంది టెగ్వెన్.
"గంట కొడితే మాత్రం? తప్పుకోమని దబాయింపు కాదూ"
అంటాడు ముసలి కాడ్వన్, కొండెక్కి ఇరవయ్యేళ్ళయినవాడు.
నడక సంఘం వాళ్ళు బురద బూట్లతో వచ్చి
బురద టైర్ల మీద ఫిర్యాదుకు సంతకాలడిగారు.
నేల తుడుచుకుంటూ విన్నాను.
కిందటి వారం ఎండుద్రాక్ష రొట్టె
పద్నాలుగు ముక్కలు ఆ సైకిళ్ళవాళ్ళే తిన్నారు.
గల్లాపెట్టెకూ ఒక అభిప్రాయం ఉంటుంది.

ఒకరోజు అన్నయ్య నన్ను పైకి లాక్కెళ్ళాడు.
"చూడు, గాడి. మోకాలి లోతు. వాళ్ళ పనే."
చూశాను.
ఆ గాడి పక్కనే, బారెడు దూరంలో,
దాని కవల కూడా పోతోంది.
నాలుగు చక్రాల బండిది,
మా దొడ్లో ఉన్నలాంటిది.
నేనేం అనలేదు.
నిజానికీ ఒక అదను ఉండాలి,
గొర్రెలు ఈనే నెల అది కాదు.

నిజానికి దారి ఎవరిదన్నది అన్నయ్య గొడవ కాదు.
అతనిది ఒకటే ప్రశ్న: గేటు వేశారా?
రెండేళ్ళ కిందట ఎవరో వెయ్యలేదు.
పదకొండు గొర్రెలు తారురోడ్డు మీదికి దిగాయి.
పాల లారీ ఆగలేకపోయింది.
ఆ ఎవరో సైకిలు తొక్కేవాళ్ళో, నడిచేవాళ్ళో,
గొళ్ళెమే గాలికి ఊడిందో,
చూసినవాళ్ళు లేరు.
వారం తిరక్కుండా సైకిలు బొమ్మ మీద ఎర్రగీతతో
బోర్డు మాత్రం వెలిసింది.

నిన్న సాయంత్రం వానలో ఇద్దరు వెళ్ళారు,
ఒక పిల్ల, వెనక వాళ్ళ నాన్న కాబోలు.
పొద్దున చూస్తే గేటు వేసే ఉంది.
విరిగిన గొళ్ళేనికి అన్నయ్య చుట్టే
నారింజరంగు గడ్డిమోపుల తాడే.
ముడి మాత్రం మాది కాదు.
పడవలవాళ్ళదో, బండలెక్కేవాళ్ళదో,
లాగేకొద్దీ బిగుసుకుంటోంది.

అరగంట కుస్తీ. తిట్టని తిట్టు లేదు.
గొర్రెలు వరసకట్టి వింటున్నాయి.
"కోసెయ్యరాదూ" అన్నాను.
కత్తి జేబులోనే ఉంది.
కొయ్యలేదు.
వంగి, చలికి కొంకర్లుపోయిన వేళ్ళతో
ఏ పోగు ఏ పోగు కిందినుంచి వచ్చిందో
వెతుకుతూ ఉన్నాడు.