వాలెంతీ మరణం, పదిహేడో వెర్షన్

వూచ్ నగరంలో ఒకప్పటి నూలుమిల్లు, మూడో అంతస్తు.
మగ్గాలు పోయిన చోట మా కంప్యూటర్లు.
కిటికీ అద్దాల మీద నవంబరు.
ఒక తుపాకీకి వెలుగు పుట్టించడం నా ఉద్యోగం.
తుపాకీ ప్లాస్టిక్‌ది,
టార్చిలైటు బరువు కూడా తూగదు.

మొదట ఒక నీలం గీత గీశాను.
"ట్యూబులైటులా ఉంది" అని దర్శకురాలు రాసి పంపింది.
గీతకు వణుకు నేర్పాను.
అంచుల్లో మసక, నడుమ తెలుపు,
తెలుపుకి ముందు ఒకే ఒక్క ఫ్రేము నలుపు.
మెరుపుని నమ్మించాలంటే
ముందు కంటికి రెప్ప వేయించాలి.

నిజానికి శూన్యంలో కిరణం పక్కనుంచి కనబడదు.
వెలుగు కనబడాలంటే దారిలో దుమ్ము ఉండాలి.
ఆ దుమ్ము కోసం
ట్రాము పట్టాలు అతికే వెల్డరు పక్కన
ఫోను పట్టుకుని గంటన్నర నిలబడ్డాను.
ముసుగెత్తి "ఏం కావాలి?" అన్నాడు.
"మీ రవ్వలు."
"తీసుకో, మున్సిపాలిటీవే."

ఇంటికొచ్చి వంటగదిలో దీపాలార్పి
జల్లెడలో మైదా దులిపాను.
చెస్లావ్ టార్చి పట్టాడు.
పిల్లి తుమ్మింది.
ఆ తుమ్ము కూడా పనికొచ్చింది.

ఇక నలుసులు.
సెకనుకి నలభై వేలు పుట్టిస్తాను,
ఏ తల్లీ నొప్పులు పడదు.
పుట్టిన ప్రతి నలుసుకీ నుదుటి రాత నాదే:
ఎంత వేగం, ఎటు గాలి,
ఏ రంగులో రాజుకుని ఏ రంగులో ఆరిపోవాలి,
ఎన్నో ఫ్రేములో నూకలు చెల్లాలి.
'ఆయువు' అని ఒక గడి ఉంటుంది.
అందులో నలభై అని కొట్టి
టీ పెట్టుకోడానికి వెళ్తాను.

కిరణం తగిలేది వాలెంతీకి.
ముప్పై ఆరేళ్లు ట్రాము నడిపి రిటైరై
ఎక్స్‌ట్రా వేషాలకొస్తున్న మనిషి.
ఫైలులో అతని పేరు కాపలావాడు మూడు.
అతని ఒళ్లే నలుసులు పుట్టే చోటని
సాఫ్టువేరుకు చెప్పాలి.
ముందు భుజం, తర్వాత మెడ, చివర ముఖం.
"ముఖం ఇంకా తొందరగా పోవాలి, జాలి పుడుతోంది"
అని మళ్లీ రాసింది దర్శకురాలు.
పదకొండో వెర్షన్‌లో జాలి తగ్గించాను.

గురువారం అతనే వచ్చాడు.
తడిసిన టోపీ, కాగితంలో చుట్టిన గసగసాల కేకు.
తాత ఎలా పోతాడో మనవరాలికి చెప్పాలట.
చూపించాను.
ఇంకోసారి అన్నాడు.
మూడోసారికి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
"అంతేనా?"
"నలభై ఫ్రేములు. సెకనున్నర కంటే కాస్త ఎక్కువ."
"ట్రాము తలుపు మూసుకోడానికే
నాలుగు సెకన్లు పడుతుందమ్మా."

నవ్వాను. అతను నవ్వలేదు.
వేలితో తెర మీద నేల చూపించాడు.
నున్నగా మెరుస్తున్న ఖాళీ నేల.
"ఇక్కడ ఏమీ మిగల్లేదేం?"
దానికి నా దగ్గర గడి లేదు.
"కోటు వేసుకున్నాను కదా,
కనీసం ఒక బొత్తామైనా..."
అని, కేకు అక్కడ పెట్టి,
బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు.
ట్రాముల మనిషి బస్సెక్కడమేమిటని
ఆ తర్వాత చాలాసేపటికి తోచింది.

ఆ రాత్రి ఒక నలుసుని పట్టుకున్నాను.
ముప్పై ఒక వెయ్యి రెండు వందల ఏడో నలుసు.
దాని ఆయువు గడిలో అంకె చెరిపేశాను.
ఖాళీ గడి అంటే, మా సాఫ్టువేరులో, చావు లేదని.
కాస్త బరువిచ్చాను.
నేలకి తగిలింది, ఎగిరింది,
ఇంకోసారి, తక్కువగా.
దొర్లి ఆగింది.

పదిహేడో వెర్షన్ ఓకే అయింది.
పేలుడు బాగుందన్నారు, నీలం బాగుందన్నారు.
హీరో నడిచి వెళ్తాడు, బూటు దాని పక్కనే పడుతుంది.
ఆ అడుగుని నేను కదపలేదు,
షూటింగు రోజే అలా పడింది.

కీబోర్డు సందుల్లో గసగసాలు
ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.