నీళ్ళొదిలిన పద్దు

పన్నెండో స్లైడ్ నాది.
కెరటాల విద్యుత్తు అన్న వరుస మీద
బూడిద రంగు పులిమింది నేనే.
ఎరుపు వాడొద్దన్నారు,
ఎరుపు చూస్తే వాటాదారులు ఉలిక్కిపడతారట.

అబర్దీన్‌లో ఆరో అంతస్తు. అద్దాల మీద
వాన అడ్డంగా కొడుతోంది.
పరిశోధన సొమ్ములో గాలిమరలకి అరవై పాళ్ళు,
హైడ్రోజన్‌కి ముప్ఫై,
మిగిలిన పదీ "ఇంకా పేరు పెట్టనివాటికి".
ఎవరో బిస్కెట్ విరుస్తూ అడిగారు,
మరి సముద్రం సంగతేంటని.
"పదకొండేళ్ళు పెంచాం, ఇంకా పాకుతూనే ఉంది" అన్నాను.
నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ ఏడు నా బోనస్‌లో ఆ నవ్వుకీ వాటా ఉంది.

కబురు మోసే పని కూడా నా నెత్తినే పడింది.
స్ట్రామ్నెస్ రేవులో దిగేసరికి
పసుపుపచ్చ యంత్రం గట్టెక్కి పడుంది,
ఈత మర్చిపోయిన జంతువులా ఓ పక్కకి ఒరిగి.
దాని పొట్టకి అతుక్కున్న గుల్లల్ని
థోరా ఫ్లెట్ చాకుతో గీకుతోంది.
నేను కాసేపు నీళ్ళు నమిలాను.
ఆమె చాకు ఆపలేదు.
"చెప్పెయ్. టికెట్లమ్మే రెండాల్ పొద్దున్నే చెప్పాడు,
నువ్వు తిరుగు పడవ
ఈ సాయంత్రానికే కొన్నావని."

షెడ్డులో, చేపల వాసన వదలని చెక్కపెట్టె.
అందులో రబ్బరు రింగులు, నలభై మూడు.
ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ:
జనవరి. తుఫాను. పదిహేడు రోజులు బతికింది.
మార్చి. అల మామూలే. తప్పు నాది, మరీ బిగించాను.
నవంబరు. తెలీదు.
నవంబరు. ఇంకా తెలీదు.
చివరిది పగల్లేదు.
రెండు వందల ఆరు రోజులు.
ఆ చీటీ మీద ఇంకేమీ రాయలేదు.

"ఇది మీ లెక్కల్లో ఎక్కడుంది?"

ఖర్చుకి నా దగ్గర గడి ఉంది.
పేటెంట్‌కి ఉంది.
యూనిట్ కరెంటు ఎంత పడుతుందో
పెన్నీల్లో సగం దాకా ఉంది.
నలభై రెండుసార్లు ఓడి
నలభై మూడోసారి ఎంత బిగించాలో తెలిసిన
ఆ వేళ్ళకి గడి లేదు.

నా లెక్క తప్పు కాదు, ఆ మాటా చెప్పాలి.
ఈ చలికాలం ఆ దీవుల్లో గదులు వెచ్చబెట్టేది
గాలిమరే, అల కాదు.
అల ఇంకో పదేళ్ళడుగుతుంది.
సముద్రం రోజుకి రెండుసార్లు ఊపిరి తీస్తుంది,
మా కంపెనీ మూణ్ణెల్లకోసారి.
ఆ రెంటికీ పొత్తు కుదిర్చే విద్య
నాకెవరూ నేర్పలేదు.

తిరుగు పడవలో పెట్టె నా ఒళ్ళో ఉంది.
ఇచ్చిందా, వదిలించుకుందా
ఇప్పటికీ తేల్చుకోలేను.

థోరా ఇప్పుడు ఆల్చిప్పల పడవలకి
పంపులు బాగుచేస్తోందట.
మా యంత్రం ఇనుము తూకానికి పోయింది.
పేరు పెట్టనివాటి పది పాళ్ళలో
ఏటా చిన్న అక్షరాలతో ఒక పద్దు రాస్తాను:
చెక్కపెట్టె ఒకటి, పొడిగా ఉంచినందుకు అద్దె,
నాలుగు వందల పౌండ్లు.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
ఆ పేజీ వచ్చినప్పుడు మాత్రం
నా బొటనవేలు
మీట మీద కాస్త తొందరపడుతుంది.