తాళానికి నూనె

ఇరవై తొమ్మిదేళ్ళు పోర్టులో
ఎవరెవరి సరుకో లెక్క రాశాను.
మొంబాసా, శాంతోస్, దర్బన్, చిట్టగాంగ్
కార్బన్ కాగితం కింద నీలంగా నలిగిన ఊళ్ళు.
స్పెల్లింగు తప్ప
వాటి గురించి నాకేమీ తెలీదు.

పోయిన మంగళవారం పోర్టు హెల్త్ ఆఫీసులో
ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాను.
టిఫిన్ డబ్బాతో, గొడుగుతో
రోజూ ఆ గుమ్మం ముందునుంచే నడిచేదాన్ని.
పసుపు కార్డు మీద పేరు రాస్తూ కుర్రాడు
తలెత్తకుండా అడిగాడు, "ఏ ఓడండీ?"
ఓడ లేదు నాయనా.
నేనే.

చెల్లెలు ఫోన్లో ఏడాదికి సరిపడా భయపెట్టింది.
యాభై నాలుగేళ్ళకి, ఒక్కర్తివి, భాష రాదు,
మరి నీ మోకాళ్ళ సంగతి?
మోకాళ్ళు కూడా వస్తున్నాయన్నాను.
తిరిగి వచ్చే తేదీ అని ఉన్న గడిలో
అడ్డగీత గీశానని మాత్రం చెప్పలేదు.

పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కాటా మీద
సంచి తూయించాను. పదకొండున్నర.
"ఎంతకిస్తావేటి?" అన్నాడు కొట్టువాడు.
ఇంటికొచ్చి రెండు చీరలు తీశాను,
వేడినీళ్ళ సంచి తీశాను,
స్టీలు గ్లాసు తీశాను, పెట్టాను, తీశాను.
చివరికి గ్లాసు లోపల సాక్సులు కుక్కి
గ్లాసు లేదనుకుని జిప్పు లాగాను.

గ్యాస్ బండ అప్పగించి రసీదు తీసుకున్నాను.
ఫ్రిజ్ తలుపు సందులో పాత చెప్పు ఇరికించాను, బూజు పట్టకుండా.
హుద్‌హుద్ నాడు పగిలిన కిటికీకి కొట్టిన అట్టముక్క
అప్పణ్ణుంచీ తాత్కాలికంగానే ఉంది.
అద్దం బిగించడానికొచ్చిన సన్యాసిరావు
"ఎల్లిపోతా ఇప్పుడెందుకండీ?" అన్నాడు.
ఇన్నాళ్ళూ గాలికి నేనడ్డం ఉన్నాను కదా.

రాత్రి డాబా మీద తీగ విప్పాను.
కోట వీధిలో తెల్లబట్ట ఎవరూ ఆరేయరు,
ఖనిజం ధూళికి సాయంత్రానికల్లా జేగురు రంగు.
తీగ చుట్టిన చేతులూ అదే రంగు.
ఛానెల్ అవతల కొండకొమ్మున దీపం
తిరుగుతోంది, ఆగుతోంది, తిరుగుతోంది.
బయట సముద్రంలో లంగరేసి
వంతు కోసం చూస్తున్న ఓడలు ఏడు.
లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

తెల్లారి కింద వాటా నూకరత్నం
ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి తెచ్చింది.
"కస్టమ్స్ వాళ్ళు లాక్కుంటారే."
"నువ్వు ఆళ్ళ పక్కన పన్జేసినదానివే కాదేటి?"
ఇప్పుడు గీతకి ఇటువైపున్నాను అంటే
దానికర్థం కాలేదు. నాకూ సరిగ్గా కాలేదు.
పొట్లం తీసుకోలేదు. వాసన వచ్చేసింది సంచిలోకి.

మిగిలింది తాళం.
ఈ ఊళ్ళో సముద్రం ఏ ఇనుమునీ వదలదు.
మూడు నెలలు ముట్టుకోకపోతే
తాళమూ గొళ్ళెమూ కలిసి ఒకే ముద్ద.
కుట్టుమిషను నూనె మూడు చుక్కలు వేసి
చెవి నూకరత్నం చేతిలో పెట్టాను.
"నెలకోసారి తీసి, మళ్ళీ వేసెయ్యి.
లోపలికెళ్ళక్కర్లేదు."
"లోనికెల్లకుండా తాళం తీడమేటమ్మా,
దొంగనేటి నాను?"
"పోనీ వెళ్ళు. కాసేపు కూర్చుని రా."
"కూకుని ఏటి సెయ్యాల?"

పంతొమ్మిదేళ్ళు ఆ గదిలో కూర్చున్నదాన్ని,
జవాబు నా దగ్గరే ఉండాలి.
వెతుక్కుంటూ పన్నెండు మెట్లూ దిగేశాను.
ఆటో కుర్రాడు సంచి అందుకుని
ముక్కు చిట్లించాడు, ఏమీ అనలేదు.

వీధి మలుపు ఇంకా రాలేదు,
వెనక పైనుంచి
టక్.
మళ్ళీ టక్.
నెల అప్పుడే అయిపోయినట్టుంది దానికి.