ఎలిజీ, పది మార్కులు

తెల్లారితే ఒంగోల్లో పేపరు.
చీమకుర్తి షెడ్డు వెనక, పాలిషింగు మిషను ఆపిన తర్వాత
కెజియా అడుగుతా ఉంది, నేను చెప్తా ఉండా.

సిమిలీ?
ఈ రాయి రాత్రిలా ఉంది.
మెటఫర్?
ఈ రాయి రాత్రి.
పర్సానిఫికేషన్?
లోపల వాళ్ళ నాయన దగ్గు
లేచి కూచుంది, చెంబెడు నీళ్ళు తాగింది,
మళ్ళీ పక్కకు తిరిగి పడుకుంది.

ఎలిజీ?
గైడులో ఆ పేజీ నిండా రాతిపొడి.
ఊదితే ఒక్క లైను తేలింది:
పోయినవాళ్ళని తలుచుకుని రాసేది.

"రాసేదేంది మే, కోసేది"
మంచంలోంచే అన్నాడాయన.
"ఇరవై ఏళ్ళుగా సీమ సమాధులకి బిళ్ళలు కోస్తన్నా.
పేర్లు ఆడికి పొయ్యాక చెక్కుకుంటారంట.
మనం నున్నంగా, ఖాళీగా పంపడమే."

తర్వాత అడగాల్సింది ఐరనీ.
కెజియా అడగలా.
గోడకానించిన తడి బిళ్ళలో బంగారు చుక్కలు,
వాటి మధ్య మా రెండు మొహాలు,
కింద పేర్లు లేకుండా.

పొద్దున హాల్లో ఆ ప్రశ్నే వచ్చింది.
నేను గైడులోది గైడులోదే దించా.
కెజియా మాత్రం
అడిషనల్ షీటు కోసం రెండుసార్లు లేచింది.