మూడో గంట

హల్ ఊళ్ళో మంగళవారం, సాయంత్రం షిఫ్టు.
కిటికీ అవతల హంబర్‌కి ఆటు మొదలైంది,
బురద బయటపడుతోంది.
ఇవతల నా ఎడమ చేతిలోంచి నెత్తురు
తిరిగి రావడానికే బయటికి వెళ్తోంది.

పంతొమ్మిదేళ్ళు బడి వంటింట్లో
పిల్లల పళ్ళేల్లో ఉడికిన దుంపలు వడ్డించాను.
"ఇంకొంచెం తిను నాన్నా" అనడమే నా ఉద్యోగం.
ఇప్పుడు ణ పలకని నోటితో బెర్నడెట్ అంటుంది:
"సూదులున్నంతసేపూ వద్దు సుగునా,
ముద్ద దిగితే నెత్తురు పొట్టకి పరిగెడుతుంది.
పైనుంచి మేం నీళ్ళు లాగుతున్నాం.
ఇంక తలకి మిగిలేదేమిటి?"

నాకు తెలియని లెక్కా?
గ్యాసు సన్నగా వచ్చే రోజు
ఈ పొయ్యి పెంచితే ఆ పొయ్యి కుంగుతుంది.

తెలిసీ, మూడో గంటలో,
దుప్పటి కింద రేకు పొట్లం విప్పాను.
ఒక్క ఇడ్లీ. ఉప్పు లేని కారప్పొడి.
కుడిచేత్తో తుంచుకుంటూ, టీవీ చూస్తున్నట్టు,
బల్ల కింద చాక్లెట్ నమిలే పిల్లల్లా.
ఆ పిల్లల్ని పట్టుకున్నదాన్ని నేనే.

ముందు ఒక ఆవులింత.
వెంటనే ఇంకొకటి. నిద్ర కాదది.
గోళ్ళ చివర చలి.
నూట ముప్పై ఎనిమిది ఉన్న అంకె
ఎనభై రెండుకి జారింది,
గదిలో దీపాలన్నీ
తడిసిన కాగితం వెనక్కి వెళ్ళిపోయాయి.

పక్క కుర్చీ నార్మన్, ఒకప్పటి చేపల ఓడ మనిషి,
నా ఆవులింతలు లెక్కపెడుతున్నాడట.
"ఈవిడ మునుగుతోంది!" అని కేకేశాడు.
కుర్చీ ఒరిగింది, కాళ్ళు పైకి, తల కిందికి.
పంతొమ్మిదేళ్ళు నిలబడ్డ కాళ్ళు
తలకి అప్పు తీర్చాయి.
సెలైన్ చల్లగా భుజందాకా పాకింది.

బెర్నడెట్ తిట్టలేదు.
స్వెట్టర్ మీది పొడి దులిపి
మిగిలిన సగాన్ని రేకులో మడిచి
నా సంచిలో పెట్టింది.
అదే తిట్టు.

ఎనిమిదింపావు. సూదులు తీశారు.
గాజుగుడ్డ పది నిమిషాలు నొక్కి పట్టి,
కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి
బీపీ చూపించుకుని
గుమ్మం దగ్గర వ్యాన్ కోసం ఆగాం.
ఆ సగం ఇడ్లీ నార్మన్ అడిగి తీసుకున్నాడు.
కారానికి కళ్ళు తుడుచుకుంటూ "ఉప్పేదీ?" అన్నాడు.
"నలభై ఏళ్ళు నువ్వు తాగిన సముద్రంలో ఉంది" అన్నాను.

నవ్వబోయి ఆవులించాడు.
నేను లెక్కపెట్టాను.
ఒకటే.
ఒట్టి ఆవులింతే.